వినని జవాబు

“గా మిషన్ నోరు మూయించుండ్రి సారూ!”

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల మీది అంతస్తు. ఆఫీసు గుమ్మానికి అడ్డంగా ఒక ముసలావిడ నిలబడింది.

వంశీధర్‌కు చిర్రెత్తుకొచ్చింది. ఇవాళే రావాలా ఈవిడ? కెన్యా నుంచి వచ్చిన అతిథులు పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఉన్నారు. కాసేపట్లో ఇక్కడుంటారు.

రెండు దేశాలవాళ్లు కలిసి తయారుచేసిన యంత్రం మరి. రైతు ఫోన్ చేసి అడిగితే సాగు సంగతులు నోటితో చెబుతుంది. ఇవాళ దీన్ని మొదటిసారి చూసే ఈ అతిథులకు నచ్చితే కెన్యా పల్లెలకూ పోతుంది. దాని వెంట వంశీధర్ కూడా విమానం ఎక్కుతాడు.

“ఎవరమ్మా మీరు?”

“మంగవ్వను. జనగామ అవతలికెల్లి వచ్చిన. మబ్బు పట్టినా పత్తికి మందు కొట్టమన్నది మీ మిషన్. ఊరోళ్లు నమ్మి కొట్టిండ్రు. వాన పడ్డది, మందంత కొట్టుకపోయింది.”

“ఫిర్యాదులకు ఫోన్ నంబరుందమ్మా.”

“చేసిన. గా మిషనే ఎత్తింది.”

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు.

“నేను చూసిన జవాబుల్లో అలా ఎక్కడా లేదు,” అన్నాడు వంశీధర్ కాస్త గట్టిగా.

అది నిజమే. జవాబులను తెరమీద చదివి సరిచూడటమే అతని పని. చెవిపెట్టి ఒక్కటీ విన్న పాపాన పోలేదు.

“చూసుడు కాదు సారూ. జర ఒక్కపారి ఇను.”

“తర్వాత వింటాను.”

“ఇప్పుడే ఇనాలె. ఊరంత నన్ను తిడుతుండ్రు.”

“యంత్రం చెబితే మిమ్మల్ని తిట్టడమేంటి?”

ఆమె నోరు తెరిచేలోగా కింద కారు ఆగింది.

“దుర్గేష్! ఈవిడను వెనక మెట్ల మీదుగా దింపెయ్.”

సెక్యూరిటీ గార్డు చెయ్యి పట్టబోతే మంగవ్వ విదిలించుకుంది.

“చెయ్యి తియ్యి. నడుసుడు నాకొస్తది.”

మెట్ల మలుపులో ఆగి వెనక్కి తిరిగింది.

“పోత సారూ. గని ఊరూరు తిరుగుత. గా మిషన్ మాట ఇనొద్దని నా నోటితోనే చెప్త. ఎవలు ఆపుతరో సూస్త!”

తల ఎత్తుకునే దిగిపోయింది.

అతిథులు కూర్చున్నారు. కాఫీలు వచ్చాయి.

“ఇందులో మాట్లాడేది కంప్యూటరేనా?” అడిగింది కెన్యా ఆవిడ.

సంస్థ నడిపే జానకీదేవి మురిసిపోయింది.

“కంప్యూటరే కానీ, గొంతు మనిషిదండీ. పల్లెలో ఒకావిడ చేత మాట్లాడించి, రికార్డు చేసి దీనికి నేర్పాం. తమ మనిషి చెబితేనే కదా రైతు నమ్మేది! ఇప్పుడు ఆవిడ ఎన్నడూ అనని మాటలు కూడా అచ్చం ఆవిడలాగే చెబుతుంది.”

“అయితే ముందు ఆవిడకు దండం పెట్టాలి. ఎక్కడుంటారు?”

“కబురు పెట్టి పిలిపిస్తాం.”

వంశీధర్ ఫోన్ అందుకుని, అందరికీ వినిపించేలా స్పీకర్ పెట్టి యంత్రానికి కాల్ చేశాడు. ముసలావిడ చెప్పింది అబద్ధమని ఇక్కడే తేల్చెయ్యాలనిపించింది.

“మబ్బు పట్టింది. పత్తికి మందు కొట్టొచ్చా?”

“ఫికర్ చెయ్యకు బిడ్డా, కొట్టు.”

తెలుగు రాని అతిథులు ఆ ఆప్యాయతకే చప్పట్లు కొట్టారు.

వంశీధర్ ఫోన్ అక్కడే పడేసి వెనక మెట్ల వైపు పరుగెత్తాడు.

మెట్ల మీద ఎవరూ లేరు. గదిలో ఫోన్ ఇంకా ధైర్యం చెబుతూనే ఉంది, ఇందాక అతను గెంటించిన మంగవ్వ గొంతుతో.