నీలం అంచు గ్లాసు

"మీ ఆయన గ్లాసు పెట్టావా, మరిచిపోయావా?" అంది దొడ్డమ్మ, ప్రార్థనమందిరం వెనకగదిలో ఉన్న ఆడవాళ్లందరికీ వినబడేలా. సంఘంలో అందరికంటే పెద్దది కాబట్టి ఆవిడ అందరికీ దొడ్డమ్మే.

వాచీలాయన భార్య తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టి, నీలం అంచున్న చిన్న గాజుగ్లాసును పళ్లెం చివర ఉంచింది. మిగతావన్నీ తెల్ల గ్లాసులు. వాటిలో పాస్టరమ్మ సీసా వంచి ద్రాక్షారసం పోస్తుంది. ఈ సంఘంలో ప్రభువు బల్ల మీద పెట్టేది పులియబెట్టిన అసలు రసమే. నీలం అంచు గ్లాసులో మాత్రం అప్పటికప్పుడు పిండిన పళ్లరసం. తాగుడు మానిన మనిషి నాలుకకు ఒక్క చుక్క కూడా తగలకూడదని వాచీలాయనే పాస్టరుగారిని అడిగి పెట్టించుకున్న ఏర్పాటు అది.

ఆమె సీసా జోలికి పోదు. గ్లాసులు తుడవడం, పేర్చడం వరకే ఆమె పని. పేరుస్తుంటే అవి ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి.

"నీకెందుకే ఆ వణుకు?" అంది దొడ్డమ్మ. "మీ ఆయన్ని చూడు, వెంట్రుకంత స్ప్రింగునైనా తడబడకుండా వాచీలో కూర్చోబెడతాడు. సిగ్గంతా నీకు వదిలేసి ఆయన నిశ్చింతగా ఉన్నాడు."

ఆడవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆ గ్లాసు చూసిన ప్రతిసారీ ఆమెకు తలెత్తబుద్ధి కాదు.

చాలా ఏళ్ల కిందట సంఘపెద్దలు వాళ్లింటికి ప్రార్థనకు వచ్చారు. మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లినాయనకు పిండి డబ్బాల వెనక సీసాలు కనబడ్డాయి. ఎవరివని ఒక్కరూ అడగలేదు. అందరూ వాచీలాయన మొహంలోకే చూశారు. ఆయన తల వంచుకుని, ఇకమీద ఈ ఇంట్లో ఇవి కనబడవు, ప్రార్థన చెయ్యండి అన్నాడు. మళ్లీ కనబడలేదు కూడా. ఆ మాట నిలబడడానికి ఆ తర్వాత ఎన్ని నెలలు ఎలా గడిచాయో ఆ నాలుగు గోడలకే తెలుసు.

సంఘం మాత్రం మరిచిపోలేదు. ప్రభువును గుర్తుచేసుకోవాల్సిన బల్ల దగ్గరికి వాచీలాయన వచ్చినప్పుడల్లా, జనానికి ప్రభువుకంటే ముందు ఆ సీసాలే గుర్తొచ్చేవి.

ఇవాళ ఆరాధన అయ్యాక కొత్త సంఘపెద్దను ఎన్నుకోవాలి. పాస్టరుగారి మనసులో ఉన్నది వాచీలాయనే. ఆ బల్ల దగ్గర ఒకప్పుడు వాచీలాయన నాన్న నిలబడి రొట్టె పంచేవాడు. తనూ ఒకరోజు అలా నిలబడాలని చిన్నప్పటినుంచి ఆయన కోరిక. పొద్దున చొక్కా తనే ఇస్త్రీ చేసుకుని, చాలదన్నట్టు మళ్లీ ఒకసారి చేసుకున్నాడు.

వెనకగది గుమ్మంలో, సంఘంలో మాట చెల్లే కాంట్రాక్టరు పాస్టరుగారిని ఆపాడు. మనిషి మంచివాడేనని ఒప్పుకుంటూనే అసలు సంగతికి వచ్చాడు.

"పెద్దంటే అందరికీ గ్లాసులు అందించాలి కదండీ. తనకే వేరే గ్లాసు కావలసిన మనిషి మనకేం అందిస్తాడు?"

"ఎన్నేళ్ల కిందటి మాటండీ అది? వెనకటిది వెనకే వదిలెయ్యమని మనమే చెబుతాంగా."

"వదిలేస్తే మంచిదే. ఆ నీలం గ్లాసు కూడా ఇవాళ్టితో వదిలెయ్యమనండి. అందరిలా ఇద్దరికీ తెల్ల గ్లాసులే తీసుకుంటే నేనే ముందు చెయ్యెత్తుతాను."

ఆమె చేతిలోని పళ్లెం మళ్లీ గలగలమంది.

చివరి బెంచీ మీద కూర్చున్న వాచీలాయనకు పాస్టరుగారు ఈ మాట చేరవేశాడు. ఆయన కాసేపు ఇస్త్రీ మడత వంకే చూసుకుని, తనకు పెద్దరికం వద్దని, గ్లాసు అలాగే ఉండనివ్వమని చెప్పాడు.

ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

"తెల్లవే తెండి. ఒక్క గుక్కకు ఏమీ కాదు" అంది మెల్లగా.

"అప్పుడూ ఒక్క గుక్కతోనే కదా మొదలైంది" అన్నాడాయన.

దేవుడు మరిచిపోయినదాన్ని మనం పట్టుకుని కూర్చుంటామని, ఆయన చేసిన మేలును మాత్రం మరిచిపోతామని ఆరోజు పాస్టరుగారు బోధించాడు. ముందు వరుసలో కాంట్రాక్టరు గట్టిగా ఆమెన్ అన్నాడు. దేవుడు మరిచిపోయాడన్న మాట ఆమెకు ఊరటగానే ఉంది. కానీ ఆ మాట ఎంతసేపు విన్నా, పక్కనున్న మనిషి వైపు చూడడానికి మాత్రం మొహం చెల్లలేదు.

ఆ సంఘంలో ఏ ఇంటి యజమాని ఆ ఇంటి తరఫున బల్ల దగ్గరికి వెళ్లి తన ఇంట్లోవాళ్లందరి గ్లాసులూ తెస్తాడు. అందరికీ అందాక కళ్లు మూసుకుని ఒకేసారి తాగుతారు. వాచీలాయన ఒక చేత తెల్లది, ఒక చేత నీలం అంచుది పట్టుకుని తిరిగొస్తుంటే ప్రతి బెంచీలోనూ తలలు తిరిగాయి. చేతిలో చుక్క తొణకలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"కళ్లు మూసుకుందాం" అన్నాడు పాస్టరుగారు.

ఆమె లేచి నిలబడింది.

"ఒక్క నిమిషం, అయ్యగారూ. ఇవాళ ఎవరూ కళ్లు మూసుకోకండి."

"కూర్చో" అన్నాడు వాచీలాయన, రెండు చేతుల్లోనూ గ్లాసులతో. "ఎప్పుడో అయిపోయిన సంగతి."

"మరిచిపోవాలన్నా, ముందు ఉన్నది ఉన్నట్టు గుర్తుండాలి కదండీ" అంది.

కాంట్రాక్టరు వెనక్కి తిరిగాడు. దొడ్డమ్మ కళ్లజోడు సవరించుకుంది. ఆమె చెయ్యి భర్త చేతుల వైపు చాపింది.

అందరూ చూస్తుండగా, ఎప్పుడూ తను తాగే నీలం అంచు గ్లాసులోదే తాగింది.