చెరో ముద్ద

“మీరు ఒక ముద్ద తింటే, నేనూ ఒక ముద్ద తింటాను టీచర్,” అంది మొలక, పాలకూర గిన్నెను పంతులమ్మ వైపు జరుపుతూ.

పంతులమ్మ గొంతులో వెలక్కాయ పడింది.

మూడో తరగతిలో అందరికంటే పొట్టి పిల్ల కాబట్టి దానికి మొలక అని పేరు. బడి వెనక మడుల్లో విత్తనాలు చల్లిన రోజున అందరికంటే ఎక్కువ గెంతింది. పనుల పంపకంలో ఎరువు గుంట పెత్తనం దక్కితే, రోజూ కర్రతో కలియబెట్టి మురిసిపోయేది. తీరా కూర వండి గిన్నెల్లో పెట్టేసరికి పెదాలు బిగించింది. మిగతా పిల్లలు గిన్నెలు ఊడ్చేశారు.

చిక్కేమిటంటే, ఆకుకూరల మీద గంటసేపు ఆగకుండా పాఠం చెప్పే పంతులమ్మకు ఆకుకూర అంటేనే గిట్టదు. మొన్న మడి దగ్గర కళ్ళు తిరిగి కూలబడ్డాక, రక్తం తక్కువని డాక్టరు చెప్పడంతో ఇంట్లో అక్క రోజూ డబ్బాలో పాలకూర సర్దుతోంది. అది మధ్యాహ్నం చడీచప్పుడు లేకుండా ఎరువు గుంటలోకి పోతోంది.

“పెద్దదాన్ని, నాకెందుకమ్మా?”

“అయితే నాకూ వద్దు.”

“ఇంట్లో మీ అమ్మ తినమని చెప్పదూ?”

“అమ్మ నన్నెప్పుడూ బతిమాలదు టీచర్.”

పంతులమ్మకు ఒళ్ళు మండింది. పిల్ల ఇంత పీలగా ఉంటే పట్టించుకోదా, ఏం తల్లి? కింది రెప్ప లాగి, లోపల ఎర్రగా ఉందో పాలిపోయిందో చూడడం ఆవిడ మొన్ననే పాఠంలో నేర్పింది. పిల్లలు ఒకరి కళ్ళు ఒకరు చూసుకుని, వరసపెట్టి ఆవిడ కళ్ళు కూడా చూసి కిలకిలా నవ్వారు. మొలక మాత్రం నవ్వలేదు. తన ఒంట్లో రక్తం లేదని బెంగ పెట్టుకుంది కాబోలు, పాపం అనుకుంది పంతులమ్మ.

కళ్ళు గట్టిగా మూసుకుని ముద్ద మింగింది. “ఊఁ, నీ వంతు.”

మొలక మొహం వికారంగా పెట్టి నెమ్మదిగా నమిలింది.

ఆ రోజు నుంచి అదే తంతు. పంతులమ్మ డబ్బా మూత తీసేసరికి మొలక ఎదురుగా బాసింపట్టు వేసుకుని సిద్ధంగా ఉండేది.

“మోసం చేస్తున్నారు టీచర్, ఆ ముద్ద చిన్నది!”

“నీకు కళ్ళా, తూకం రాళ్ళా?” అని నవ్వేది పంతులమ్మ.

మడిలో ఆకు మళ్ళీ కోతకు వచ్చేనాటికి ఆవిడ నాలుకకు రుచి తగిలింది. పార పట్టినా ఆయాసం రావడం లేదు. తోటపని ఒంటికి పట్టిందని సంబరపడింది. ఆవిడ కళ్ళకు మొలక కూడా కాస్త తేరుకున్నట్టే కనిపించింది.

తల్లిదండ్రులను తోట చూడడానికి పిలిచిన రోజున మొలక తల్లికి గట్టిగా నాలుగు మాటలు చెప్పాలని పంతులమ్మ కాచుకుని ఉంది.

ఆ తల్లి వస్తూనే, “ఇప్పుడు మీ ఒంట్లో ఎలా ఉందండీ? ఇంట్లో మా పిల్లకి ఎప్పుడూ మీ ధ్యాసే,” అంది.

“నా సంగతి సరేనమ్మా. మీ పిల్ల చేత పాలకూర తినిపించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇంట్లో మీరు కాస్త చూసుకోవద్దూ?”

ఆ తల్లి తెల్లబోయింది. మొలక గబుక్కున మడిలోకి వంగి, లేని కలుపు పీకడం మొదలుపెట్టింది.

“అదేంటండీ, ఆకుకూర లేనిదే అది అన్నం ముట్టదు!”