కొండ మీంచి దిగిన పెట్టె

ఉక్కు ఫ్యాక్టరీ లేస్తున్న రోజుల్లోనే విశాఖలో సముద్రప్పక్క కొండ మీద పార్కు కడుతున్నారు. జనం పెట్టెల్లో కూర్చుని కొండెక్కడానికి ఇనపతాడు వేశారు. పై చక్రానికి గ్రీజు పూయడానికి వెళ్ళిన తాతబాబు చీకటి పడినా దిగలేదు. అతణ్ణి క్షేమంగా దింపాల్సినవాడు కింద మోటారు దగ్గరున్న బావమరిది జగ్గయ్య. ఫోను ఇంకా పెట్టలేదు. ఇద్దరూ చేపల వేట మానుకుని వచ్చినవాళ్ళు కాబట్టి పడవ అలవాటే ఇక్కడా పెట్టుకున్నారు. తాడు మీద సుత్తితో రెండు దెబ్బలు పడితే లాగమని అర్థం.

రెండు దెబ్బలు పడ్డాయి. జగ్గయ్య మోటారు వేశాడు.

తాడు బాగా కుంగింది. ఒక్క మనిషి బరువుకి అంత కుంగదు. పెట్టె సగం దూరంలో ఉండగానే కంపు కొట్టింది, ఎండలో పారేసిన చేప పేగుల కంపు. నెత్తి మీదికొచ్చేసరికి దాని అడుగునుంచి ఏదో కారి జగ్గయ్య చేతిమీద పడింది. గోరువెచ్చగా ఉంది. లుంగీకి తుడుచుకుంటే తీగలా సాగింది.

"తాగి కక్కీసేవేటి బావా? అక్క నిన్ను గుమ్మం తొక్కనిత్తాదేటి?" అంటూ ఉమ్మేశాడు.

పెట్టెలోంచి మెల్లగా ఏదో నములుతున్న చప్పుడు వచ్చింది.

అంతలో వెనక కాలిబాటలో చెప్పులు చప్పుడయ్యాయి. తాతబాబు రొప్పుతూ వచ్చి నిలబడ్డాడు.

"సుత్తి ఎక్కడ పడిపోయిందో కనపళ్ళేదురా. తాడు కొట్టడానికేటీ లేక నడిసొచ్చీసేను. నువ్వెవుళ్ని దింపుతన్నావ్?"

జగ్గయ్య మోటారు కట్టేశాడు.

పెట్టె మాత్రం వస్తూనే ఉంది.