పాడైన శాంపిల్

“మళ్లీ నీ డీఎన్‌ఏనే! గ్లవ్స్ వేసుకోవడం కూడా నేనే నేర్పాలా?” చరిత్ర ప్రొఫెసర్ రిపోర్టును బల్ల మీద విసిరికొట్టారు.

కోట గోడ కింద, వెయ్యేళ్ల నాటి సైనికుల సమాధుల మధ్య దొరికిన పన్ను అది. ఎన్నిసార్లు పరీక్షించినా నాతోనే పోలుతోంది.

“ఒట్టు సార్, రెండేసి జతలు వేసుకున్నాను. ఇంకొక్క అవకాశం ఇవ్వండి.”

“దేనికి? వెయ్యేళ్ల కిందటి సైనికుడు నీకేమన్నా చుట్టమా? రేపటి నుంచి రాకు.”

ఆయన అటు వెళ్లగానే అమ్మ ఫోన్ చేసింది. “ఆలస్యమైనా కంగారుపడకే. నేను తలుపు గడియ పెట్టనుగా.” కనిపించకుండా పోయిన అన్నయ్య కోసం అమ్మ ఏ రాత్రీ గడియ పెట్టదు.

నా తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ రిపోర్టు మొదటి నుంచి చదివాను. నా చేతి నుంచి అంటుకుంటే అది పూర్తిగా నాదే కావాలి. ఇది సగమే నాది. పైగా మగవాడిది.

తప్పు నాదే కావాలని మొక్కుకుంటూ చెత్తబుట్ట బోర్లించి, వాడేసిన గ్లవ్స్ అన్నీ తిరగేశాను. ఒక్కటీ చిరగలేదు.

అమ్మకు ఫోన్ చేశాను. “ఇవాళ్టి నుంచి గడియ పెట్టుకో అమ్మా.”

“ఎందుకే? అన్నయ్య గానీ దొరికాడా?” అంది అమ్మ సంబరంగా.