పడవ తిరగబడ్డప్పుడల్లా

పడవ బోర్లా పడింది.

గట్టు మీదున్న ముసలాయన గొంగడి విసిరేసి నీళ్లలోకి ఉరికాడు.

"ముట్టుకోకు! ఓ పెద్దమనిషీ, ముట్టుకోకు!" రాంచందర్ ఒడ్డు నుంచి అరిచాడు.

అప్పటికే ముసలాయన గొంతుదాకా దిగాడు. పడవ అంచు పట్టి ఒక్క తోపు తోశాడు. అది తిరిగింది. లోపలున్న రాజేశ్వరి పైకొచ్చింది. ముక్కులోంచి నీళ్లు, కళ్లలో కోపం.

"నిన్నెవరు రమ్మన్నరు తాతా?"

"మునిగినవ్ గద బిడ్డా!"

"నేనే మునిగిన! కావాల్నని మునిగిన!"

ముసలాయన రాంచందర్ వైపు చూశాడు, ఈ పిల్లకు మతి ఉందా అన్నట్టు.

1984 డిసెంబర్. ధర్మసాగరం చెరువు మీద పొగమంచు ఇంకా విడలేదు.

కాజీపేట రైల్వే కాలనీ కుర్రకారు ఒక సాహస క్లబ్బు పెట్టుకున్నారు. మిలిటరీలో కయాక్ నడపడం నేర్చుకొచ్చిన రాంచందర్ వాళ్లకు గురువు. ఒక్కరే కూర్చునే సన్నటి పడవలను ఫైబర్‌తో అతనే పోతపోశాడు. థర్మోకోల్ ముక్కలు కుట్టిన జాకెట్లు తొడిగాడు. పడవలోకి నీళ్లు రాకుండా నడుం చుట్టూ లారీ ట్యూబు రబ్బరు బిగించాడు.

సంక్రాంతి దాటాక గోదావరికి ప్రయాణం. ఏటూరునాగారం అవతల, రాళ్ల మధ్య నురగలు కక్కే నీళ్లలో పడవలు నడపాలి.

ముగ్గురు ఖాయమయ్యారు. నాలుగో చోటు గార్డుగారి అమ్మాయి రాజేశ్వరిది, రోల్ వస్తేనే.

రోల్ అంటే, తలకిందులైన పడవను దిగకుండా, తెడ్డు ఊపుతో తనే నిలబెట్టుకోవడం. అది రానివాళ్లను గోదావరిలో దించనని రాంచందర్ ముందే చెప్పాడు. పరీక్ష ఆదివారం.

ఆమెకు రావడం లేదు. నీళ్లకింద చీకటి, చలి. గాలి కోసం ముందు తల లేపేది. పడవ మళ్లీ మునిగేది.

"నడుం ముందు తిరగాలె. తల ఆఖరుకు రావాలె," అనేవాడు రాంచందర్.

ఇప్పుడు దీనికి తోడు ఈ ముసలాయన.

పేరు మొగిలయ్య. గొర్లకాపరి. గట్టుకింది పొలం కట్టమ్మది. వరి కోశాక, ఎరువు కోసం ఆమె అతని మందను రాత్రిళ్లు పొలంలో పెట్టించుకుంది. పొద్దున్నే గొర్లను నీళ్లకు తోలుకొస్తాడు. సరిగ్గా అప్పుడే పడవ తిరగబడుతుంది.

"ఇది ఆట తాతా. ఆమె తనంతట తానే లేస్తది," అని నచ్చజెప్పాడు రాంచందర్.

"మునిగినోళ్లు వాళ్లంతట వాళ్లే లేస్తరా సారూ?"

"లేస్తరు."

"మా దిక్కు లేవరు."

మర్నాడూ దిగాడు. ఆ మర్నాడూ దిగాడు.

"తాతను ఈత పోటీలకు పంపుదాం, మెడల్ ఖాయం!" కుర్రాళ్లు నవ్వేవారు.

ఒకరోజు పడవ కాస్త లోపలికి కొట్టుకుపోయింది. మొగిలయ్య అక్కడికీ వెళ్లాడు. బుడుంగున మునిగి, పడవ తాడు చేతికి దొరికితే దగ్గుకుంటూ తేలాడు. కుర్రాళ్లు ఒడ్డుకు లాగారు.

"పొద్దుగాల్నే తాగొచ్చినవా ఏంది?" రాంచందర్ కసిరాడు.

"జర ఎక్కువైంది సారూ," మొహం తుడుచుకుని నవ్వాడు మొగిలయ్య.

శనివారం రాజేశ్వరి తనే అతని దగ్గరికెళ్లింది.

"తాతా, రేపు నువ్వు దిగితే నాకు గోదావరి లేదు. నీకు దండం పెడ్త."

"దిగ బిడ్డా. ఒట్టు."

ఆదివారం. పడవ తిరగబడింది.

నీళ్లకింద ఆమెకు చప్పుడు వినిపించింది. ఎవరో దబ్బున దిగిన చప్పుడు.

వచ్చేసిండు!

అతని చెయ్యి పడితే అంతా పోయినట్టే. ఆ కోపంలో ఆమె భయం మరిచిపోయింది. తెడ్డు తిరిగింది. నడుం తిరిగింది. ఆఖరుకు తల పైకొచ్చింది.

ఒడ్డున చప్పట్లు. మొగిలయ్య గొంతులోతు నీళ్లలో చేతులు చాచి నిలబడి ఉన్నాడు. పళ్లు టకటకలాడుతున్నాయి. చలికే అనుకున్నారంతా.

"ఒట్టేసినవ్ గద తాతా!"

"కాళ్లు ఇనలే బిడ్డా."

సంక్రాంతి దాటాక, గోదావరిలో రెండో మలుపు దగ్గర రాజేశ్వరి పడవ రాయిని తాకి బోల్తా కొట్టింది. హోరు. తెల్లటి నీళ్లు మీదపడి గుంజుతున్నాయి. పాత భయం తిరిగొచ్చింది.

తాత వస్తుంటడు, అనుకుంది. ఆ చెయ్యి పడేలోపు లేవాలి.

లేచింది.

కాజీపేట తిరిగొచ్చిన మర్నాడే చెరువుకట్టకు వచ్చింది. పొలంలో మంద లేదు. కట్టమ్మ పారతో గొర్ల పెంట చదును చేస్తోంది.

"పెద్దమ్మా, మొగిలయ్య తాత ఏడి?"

"మంద లేచింది బిడ్డా. ఏడ మేతుంటే ఆడికి పోతరు."

"వచ్చే ఏడు వస్తడా?"

"రాడు. ఇదే ఆఖరు తిరుగుడన్నడు. కాళ్లు మొరాయించినయట. ఇగ మంద కొడుకుదే."

"వాళ్లది ఏ ఊరు?"

"పాలమూరు దిక్కని ఎరుక. ఊరు నేనడగలే."

రాజేశ్వరి చెరువు వైపు తిరిగింది.

"నేను మునిగితే తీసెటోడు వస్తడన్న ధైర్యంతోటే లేచిన పెద్దమ్మా. ఆ మాట చెప్దామనే వచ్చిన. గంత మంచి ఈతగాణ్ని నేను ఏడ చూడలే."

కట్టమ్మ చేతిలోని పార ఆగింది.

"ఈతగాడా? గొర్లను కడగాల్నంటే మోకాళ్లలోతుకు దిగనీకి నా చెయ్యి పట్టుకుని వణికెటోడు. మొగిలయ్యకు ఈత రాదు బిడ్డా."