తలుపు గడియ

"సామాన్లేవీ వద్దన్నానా? ముందు మనుషులు ఎక్కండి," పడవ నడిపే అతను విసుక్కున్నాడు. వరద అప్పటికే గుమ్మం దాటి నడుముల దాకా వచ్చేసింది.

లోపల కోడలు స్నానాలగది తలుపుతో కుస్తీ పడుతోంది. డాబా మెట్ల మీద కూర్చున్న అత్తగారు కదిలితే ఒట్టు.

"క్యాంపు పెట్టిన ఆ బడికి నేను రాను బాబూ. పోయినసారి పడింది చాలు."

"ఏం, అన్నం పెట్టలేదా? లైట్లు లేవా? దగ్గరుండి అన్నీ నేనే చూసుకున్నాను."

"చూశావులే."

"పిన్నిగారూ, ఇంకాసేపైతే పడవ కూడా రావడం కుదరదు. ఇలా మొండికేస్తే ప్రాణాలు పోతాయి."

ఆమె మొహం తిప్పుకుంది.

అంతలో కోడలు నీళ్లు తోసుకుంటూ వచ్చింది. పిడికిలి బిగించి ఉంది. అతనికి ఒళ్లు మండింది.

"ఏంటమ్మా అది, నగలా?"

ఆమె పిడికిలి విప్పింది. ఇనప గడియ, నాలుగు మరలు.

"అక్కడున్నది ఒక్కటే బాత్రూము అన్నా. ఆడా మగా అందరికీ అదే. తలుపుకి గడియ లేదు," తల దించుకుని చెప్పింది. "పోయినసారి వెళ్లాల్సొస్తుందని నీళ్లు తాగడమే మానేశాం. అత్తయ్య కళ్లు తిరిగి పడిపోయింది."

అత్తగారు మెట్ల మీంచి తొంగి చూసింది. "స్క్రూడ్రైవర్ తెచ్చావా?"

"తెచ్చాను అత్తయ్యా."

ఆమె లేచి, చీర ఎగదోపుకుని, పడవెక్కి కూర్చుంది.

అతను తెడ్డు అందుకున్నాడు. పొద్దున ఆ బడి దగ్గరే భార్యను దించి మంచినీళ్ల సీసా ఇస్తే, వద్దని తిరిగిచ్చేసింది. దాహం లేదేమో అనుకున్నాడు.

మూత కూడా తీయని ఆ సీసా అతని కాళ్ల దగ్గరే దొర్లుతోంది.