పిచ్చుక గూటికి మగదిక్కు

అదొక పెద్ద తోట. అందులో ఎవరు కొత్త ఇల్లు కట్టుకోవాలన్నా కాకిపెద్ద అనుమతి ఇవ్వాల్సిందే. గుడ్లు పెట్టే రోజు దగ్గరపడుతుంటే, ఒంటరి పిచ్చుక ఒకటి జామకొమ్మ మీద తాను అల్లుకున్న గూడు చూపించి అనుమతి అడిగింది.

"మీ ఆయనేడమ్మా?" అంది కాకి.

"వదిలేసి పోయాడండి."

"మరి మగదిక్కు సంతకం లేకుండా ఆడదానికి ఇల్లెలా ఇస్తాం? రేపేదన్నా జరిగితే మాట పడేది మేమే."

కట్టుకునేది నేనైతే మీరిచ్చేదేమిటని అడగబోయి పిచ్చుక ఆగిపోయింది. కడుపులో గుడ్లు బరువుగా ఉన్నాయి.

చెట్టు మొదట్లో పడుకున్న జెర్రిపోతు తలెత్తింది. "పాపం, దిక్కులేని పిల్ల. నేను హామీ ఉంటాను పెద్దాయనా. రోజూ వచ్చి మంచీ చెడూ చూసి పోతాను."

"నిరుడు నా గుడ్లు మింగింది ఈయనేనండి," అంది పిచ్చుక.

"రుజువుందా?"

"మింగేశాక రుజువేం మిగులుతుందండి?"

"సాయం చేస్తానన్న పెద్దమనిషి మీద నిందలా? అందుకే మొగుడు వదిలేశాడు," అని విసుక్కుంటూనే కాకి అనుమతి ఇచ్చింది. షరతు ఒక్కటే. హామీ ఉన్నాయన వచ్చిపోవడానికి వీలుగా గుమ్మం వెడల్పు చేయాలి.

ఇంకో తోట వెతుక్కునే వ్యవధి లేదు. తాను అల్లిన గడ్డిని పిచ్చుక తన ముక్కుతోనే ఒక్కో పోచా లాగేస్తోంది. జెర్రిపోతు కొమ్మను చుట్టుకుని, "ఇంకొంచెం తల్లీ, ఇంకొంచెం," అంటూ కొలత చెబుతోంది.